గిటారుతో నిండు జీవితం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: తేరుబలి దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాను. చిన్నప్పుడు మా తెలుగు చర్చిలో గిటారు పట్టుకోవడం నేర్చుకున్నాను. ఇప్పుడు సెలవు దొరికినప్పుడల్లా పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో తెలుగు, ఒడియా పాటలకు రిథమ్ వాయిస్తున్నాను. ఈ మధ్య ఫోనులో బ్లూస్, జాజ్ గిటారు వినడం మొదలుపెట్టాక మనసంతా దాని మీదే ఉంది. ‘దాన్ని నమ్ముకుంటే కూడు పెడుతుందా?’ అని మా మావయ్య అడుగుతున్నారు. ఆ సంగీతంతోనే జీవితమంతా గడిపిన ఒక గిటారిస్టు కథను మొదటినుంచి చివరిదాకా చెప్పగలరా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మీ మావయ్యగారి ప్రశ్న కొట్టిపారేయదగింది కాదు. అందుకే కీర్తి, సంపదలతో ముగిసే కథను పక్కన పెట్టి, కూడు విషయంలో పలుమార్లు దెబ్బతిన్నా గిటారు వదలని మనిషి కథను ఎంచుకున్నాను. ఆయన పేరు లానీ జాన్సన్. అమెరికా నల్లజాతివారి సంగీతరీతులైన బ్లూస్, జాజ్ రెండూ ఆయనవే. గిటారు అంటే కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) కొట్టి తాళం నిలిపే వాద్యమేనని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఒక్కొక్క తీగ మీద స్వరం వెంట స్వరం పలికిస్తూ, గాయకుడితో సమానంగా గిటారు చేత మాట్లాడించే పద్ధతిని రికార్డుల మీద స్థిరపరచిన తొలి తరం వారిలో ఆయనది ముందు పేరు. మీరు ఫోనులో వింటున్న లీడ్ గిటారు ఎవరిదైనా, దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ వెళ్తే ఎక్కడో ఒకచోట జాన్సన్ తగులుతారు.

పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశకంలో అమెరికా దక్షిణాన ఉన్న న్యూ ఆర్లియన్స్ నగరంలో, సంగీతమే వృత్తిగా ఉన్న ఒక పెద్ద నల్లజాతి కుటుంబంలో ఆయన పుట్టారు. తండ్రి బ్యాండు విందులకూ పెళ్ళిళ్ళకూ వాయించేది. ఆ ఇంట్లోనే కుర్రవాడికి వయొలిన్, గిటారు, మాండొలిన్, పియానో అన్నీ చేతికొచ్చాయి. 1917లో ఒక ప్రదర్శన బృందంతో ఇంగ్లండు వెళ్ళి, 1919లో తిరిగొచ్చేసరికి ఇల్లు ఇల్లుగా లేదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఒక్క సోదరుణ్ణి మిగిల్చి కుటుంబమంతటినీ పొట్టన పెట్టుకుంది. మిగిలిన ఇద్దరూ సెయింట్ లూయిస్ నగరం చేరారు. మిసిసిపీ నది మీద తిరిగే విహారనౌకల బ్యాండ్లలో జాన్సన్ వాయించసాగారు.

1925లో ఆ ఊరి నాటకశాలలో జరిగిన బ్లూస్ పాటల పోటీలో ఆయన గెలిచారు. బహుమతిగా ‘ఓకే’ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం దక్కింది. ఈ గెలుపు ఆయనకు దారి చూపించింది, అదే సమయంలో ఒక ముద్ర కూడా వేసింది. వయొలిన్, జాజ్, ప్రేమగీతాలు అన్నీ వచ్చిన వాద్యకారుణ్ణి కంపెనీ ‘బ్లూస్ గాయకుడు’ అనే ఒక్క అరలో పెట్టింది, ఎందుకంటే నల్లజాతి శ్రోతలకు ఆనాడు అమ్ముడుపోయే సరుకు అదే. ఆ తర్వాతి ఏడేళ్ళలో ఆయన నూటికి పైగా పాటలు రికార్డు చేశారు.

అయితే, ఆ కాలంలో ఆయన సొంత పాటలకంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇతరుల వెనక ఆయన వాయించిన తీరు. 1927 డిసెంబరులో షికాగోలో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన ‘హాట్ ఫైవ్’ బృందంతో రికార్డింగుకు కూర్చున్నప్పుడు జాన్సన్‌ను అతిథిగా పిలిచారు. అంతకుముందు ఆ బృందంలో తాళానికి బాంజో ఉండేది. జాన్సన్ గిటారు వచ్చాక తాళం మెత్తబడింది, పాటలో గాలి ఆడింది. మరుసటి ఏడు జాజ్ సంగీతకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ తన ఆర్కెస్ట్రా రికార్డింగులకు పిలిచారు. అదే కాలంలో టెక్సస్ పొలాల నుంచి వచ్చిన అల్జర్ అలెగ్జాండర్ అనే గాయకుడికీ ఆయన తోడు వాయించారు. అలెగ్జాండర్ లెక్క ప్రకారం పాడే మనిషి కాదు, తోచినచోట ఆగుతారు, తోచినంత సేపు సాగదీస్తారు. అంత నిలకడలేని తాళంతో పాడే గాయకుడి వెనకా, ఎల్లింగ్టన్ రాసిపెట్టుకున్న అమరిక వెనకా ఒకే మనిషి ఇమిడిపోగలిగారంటే ఆయన చెవి ఎంత మెలకువగా ఉండేదో ఊహించుకోండి. బ్లూస్‌వారికీ జాజ్‌వారికీ ఆయన కావలసినవాడు కావడానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

1928, 1929లలో ఎడీ లాంగ్ అనే తెల్లజాతి గిటారిస్టుతో కలిసి ఆయన చేసిన జంట రికార్డులు ఈనాటికీ గిటారు నేర్చేవారికి పాఠాలు. లాంగ్ కింద కార్డులు పరుస్తుంటే పైన జాన్సన్ స్వరాలు అల్లుతూ పోతారు. తెల్లవాడు, నల్లవాడు సమానంగా కూర్చుని వాయించారని లేబుల్ మీద అచ్చువేయడం ఆనాటి వ్యాపారానికి మింగుడుపడని సంగతి. అందుకని లాంగ్ పేరును ‘బ్లైండ్ విల్లీ డన్’ అని మార్చి, ఒక నల్లజాతి అంధ గాయకుడి పేరులా వినిపించేటట్లు చేశారు. ఆ ఇద్దరిలో లాంగ్ 1933లో, గొంతులో టాన్సిల్స్ శస్త్రచికిత్స తర్వాత, ముప్ఫై ఏళ్ళకే చనిపోయారు.

అప్పటికి ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. రికార్డులు కొనేవారు లేరు. జాన్సన్ ఉక్కు కర్మాగారంలో కూలికి చేరారు. మీరు షిఫ్టు పని గురించి రాశారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను: ఆయన ఫ్యాక్టరీలో చేరడం ఒకసారితో ముగియలేదు, మళ్ళీ రికార్డింగు గదికి రావడమూ ఒకసారితో ముగియలేదు. 1930ల చివర షికాగోలో తిరిగి రికార్డులు మొదలయ్యాయి. 1940లలో ఎలక్ట్రిక్ గిటారుకు మారారు. సిన్సినాటీలోని కింగ్ కంపెనీకి ‘టుమారో నైట్’ అనే నెమ్మదైన ప్రేమగీతం పాడితే, 1948లో అది నల్లజాతి శ్రోతల పాటల పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. పాతికేళ్ళ క్రితం ‘బ్లూస్ గాయకుడు’ అని ముద్ర వేయించుకున్న మనిషికి జీవితంలో అతి పెద్ద విజయం ప్రేమగీతంతో వచ్చింది. 1952లో ఇంగ్లండులో కచేరీలు చేసినప్పుడు, టోనీ డొనెగన్ అనే యువగాయకుడు ఆయన మీద అభిమానంతో తన పేరును లానీ డొనెగన్‌గా మార్చుకున్నారు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. 1950లలో శ్రోతల రుచి మళ్ళీ మారింది. 1959లో ఫిలడెల్ఫియాలో క్రిస్ ఆల్బర్ట్‌సన్ అనే రేడియో వ్యాఖ్యాత వెతికి పట్టుకునేసరికి, లానీ జాన్సన్ ఒక పెద్ద హోటల్లో ఊడ్చి తుడిచే పనిలో ఉన్నారు. అప్పటికి ఆయనకు అరవై దాటినట్టే లెక్క. ఆల్బర్ట్‌సన్ ఆయన్ను మళ్ళీ స్టూడియోకు తీసుకెళ్ళారు. 1960 నుంచి వరుసగా ఆల్బములు వచ్చాయి. 1963లో మడ్డీ వాటర్స్ వంటి బ్లూస్ కళాకారులతో కలిసి యూరప్ తిరిగారు. 1960ల నడుమ కెనడాలోని టొరంటోకు మకాం మార్చారు. అక్కడ కొంతకాలం సొంత క్లబ్బు నడిపారు, అది నిలవలేదు. 1969లో కాలిబాట మీదకు దూసుకొచ్చిన కారు గుద్దడంతో తీవ్రంగా గాయపడ్డారు, తర్వాత పక్షవాతం కూడా వచ్చింది, గిటారు వాయించడం ఆగిపోయింది. 1970 ఫిబ్రవరిలో టొరంటోలోని మాసీ హాల్లో చేతికర్ర ఊతంతో వేదిక ఎక్కి, బడ్డీ గై అనే బ్లూస్ గిటారిస్టు వాయిస్తుంటే పాడారు. ఆ జూన్‌లో కన్నుమూశారు.

మీ మావయ్యగారికి నా సమాధానం ఇది. ఆ సంగీతం జాన్సన్ గారికి కొన్ని దశాబ్దాలు కూడు పెట్టింది, కొన్ని దశాబ్దాలు పెట్టలేదు. పెట్టని రోజుల్లో ఆయన వేరే పని చేశారు, దాన్ని సంగీతానికి పట్టిన అవమానంగా ఎవరూ చూడనక్కరలేదు. ఇండియానాపొలిస్ నగరంలో వెస్ మాంట్‌గొమరీ అనే జాజ్ గిటారిస్టు పగలు ఫ్యాక్టరీలో, రాత్రి క్లబ్బుల్లో పనిచేస్తూ పెద్ద కుటుంబాన్ని పోషించారు. ఇరుగుపొరుగు నిద్ర చెడకూడదని మీటు బిళ్ళ పక్కన పెట్టి బొటనవేలి కండతో తీగలు మీటడం అలవాటు చేసుకున్నారు, ఆ మెత్తని నాదమే తర్వాత జాజ్ లోకమంతటా ఆయన గుర్తు అయింది. కాబట్టి ఉద్యోగం మానవద్దు. అదే సమయంలో, ‘రిథమ్ మాత్రమే వాయిస్తున్నాను’ అని మీ ఉత్తరంలో ధ్వనిస్తున్న చిన్నతనాన్ని మాత్రం వెంటనే మానుకోండి. ఫ్రెడీ గ్రీన్ అనే ఆయన 1937లో కౌంట్ బేసీ నడిపే జాజ్ బ్యాండులో చేరి, బేసీ పోయిన తర్వాత కూడా అందులోనే ఉండి, 1987లో చనిపోయేదాకా దాదాపు యాభై ఏళ్ళు రిథమ్ గిటారే వాయించారు. ఒక్కడుగా ముందుకొచ్చి వాయించిన సందర్భాలు అత్యంత అరుదు. బారుకు, అంటే నాలుగు దెబ్బల తాళఖండానికి, నాలుగు మీట్లు, ప్రతి మీటూ పొట్టిగా, గట్టిగా. పక్కన పదిహేను మంది వాయిస్తుంటే ఆ గిటారు విడిగా వినబడేది కాదు, కానీ ఆయన ఆపితే బ్యాండు నడక మారిపోయేదని తోటివారందరికీ తెలుసు.

ప్రశ్న: నేను కర్ణాటక సంగీతం నేర్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మనవడు బ్లూస్ అంటాడు, జాజ్ అంటాడు, రెండూ వినిపిస్తాడు. నాకు రెంటికీ తేడా పట్టుబడటం లేదు. ఒకే మనిషి రెండూ వాయించడం ఎలా సాధ్యం? మనకు తెలిసిన భాషలో వివరించండి.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అయ్యా, మీకు స్వరస్థానాలు తెలుసు కాబట్టి నా పని సులువైంది. సాధారణంగా బ్లూస్ పాట పన్నెండు బార్ల ఆవృతంలో తిరుగుతుంది, ఒక్కొక్క బారులో నాలుగు దెబ్బలు. ఆధారంగా ఉండేవి మూడు కార్డులు: ఒకటి షడ్జం మీద, ఒకటి శుద్ధ మధ్యమం మీద, ఒకటి పంచమం మీద నిలుస్తాయి. మొదటి నాలుగు బార్లు షడ్జ కార్డు, తర్వాతి రెండు మధ్యమ కార్డు, మళ్ళీ రెండు షడ్జం, ఆపైన ఒకటి పంచమం, ఒకటి మధ్యమం, చివరి రెండు షడ్జం. ఏ కార్డు వచ్చినా దాని మూలస్వరాన్నే షడ్జంగా భావిస్తే పైన కైశిక నిషాదం కలుస్తుంది. ఆ నిషాదం వల్లనే కార్డు ఎక్కడా పూర్తిగా విశ్రమించినట్లుండదు, ఇంకా ఏదో చెప్పవలసి ఉన్నట్లు వినిపిస్తుంది.

బ్లూస్‌కు ప్రాణం గాంధారంలో ఉంది. గాయకుడు పలికే గాంధారం సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు, ఆ రెంటి నడుమ ఊగుతుంది. పియానో మీద ఆ స్వరానికి మెట్టు లేదు. గిటారు మీద ఉంది: ఉంగరపు వేలితో తీగను నొక్కి, వెనక మధ్యవేలినీ చూపుడువేలినీ ఊతంగా ఆనించి, తీగను మెట్టు వెంట పక్కకు నెడితే సాధారణ గాంధారం కొంచెం కొంచెంగా పైకి జరుగుతుంది. వీణ మీద తీగ లాగి గమకం పలికించిన చేతికి ఇది కొత్త విద్య కాదు. ఎంత దూరం నెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది కొలతకు అందదు, గొంతు విని నేర్చుకోవలసిందే.

పాట కట్టుబడి కూడా మీకు తెలిసినట్లే అనిపిస్తుంది. గాయకుడు ఒక పంక్తి పాడతాడు, అదే మళ్ళీ పాడతాడు, మూడోసారి దానికి జవాబు చెబుతాడు. నాలుగేసి బార్లలో మాట రెండు బార్లకే అయిపోతుంది, మిగిలిన రెండు బార్లు గిటారుకు వదిలేస్తారు. బుర్రకథలో కథకుడి మాటకు వంతలు అందుకున్నట్లే గాయకుడి మాటను గిటారు అందుకుంటుంది. ఆ రెండు బార్ల ఖాళీలో ఏం పలకాలన్నదే బ్లూస్ గిటారిస్టు జీవితకాలపు సమస్య. లానీ జాన్సన్ వంటివారు ఆ ఖాళీని ఎప్పుడూ కిక్కిరిసేటట్లు నింపలేదు.

జాజ్‌లో ఈ పన్నెండు బార్లు ఉంటాయి, ఇంకా అనేక రకాల నిర్మాణాలూ ఉంటాయి. శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ 1945లో రికార్డు చేసిన ‘నౌజ్ ద టైమ్’ అచ్చమైన పన్నెండు బార్ల బ్లూసే. మన మనోధర్మానికీ జాజ్ కల్పనకూ ఉన్న ముఖ్యమైన భేదం ఇది: మనం రాగాన్ని స్థిరంగా ఉంచి దాని లోపల విహరిస్తాం, జాజ్ వాద్యకారుడికి కింద కార్డు మారినప్పుడల్లా ఆధారమే మారుతుంది, తాను అల్లుతున్న వాక్యం తెగకుండా ఆ మార్పును దాటాలి. బార్లు త్వరత్వరగా గడిచే పాటలో రెండు దెబ్బలకొక కార్డు మారుతుంది. నడక విషయానికొస్తే, ఒక దెబ్బను రెండు సమభాగాలుగా కాక, మొదటిది దీర్ఘంగా, రెండోది హ్రస్వంగా విరిచి ఊపు తెస్తారు. ఒకే మనిషి రెండూ ఎలా వాయిస్తారన్నారు. గిటారిస్టు కెనీ బరెల్ 1963లో చేసిన ‘మిడ్‌నైట్ బ్లూ’ ఆల్బము మీ మనవడి చేత పెట్టించుకుని వినండి. కార్డుల జ్ఞానమంతా జాజ్‌ది, పలుకు మాత్రం బ్లూస్‌ది. మీ చెవి ఆ రెంటినీ తొలిసారి వినడంలోనే విడదీయగలదని నా నమ్మకం.

ప్రశ్న: మా చర్చి క్వయర్‌లో గిటారు నేను వాయిస్తాను. బ్లూస్ గిటారు వాయించిన ఆడవాళ్ళెవరైనా ఉన్నారా? ‘దేవుని పాటలు వాయించే చేత్తో ఆ పాటలు వాయించకూడదు’ అని పెద్దలు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: ఉన్నారమ్మా, మీ పరిస్థితిలోనే ఉన్నవారు ఒకరున్నారు. సిస్టర్ రొజెటా థార్ప్ 1915లో ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టారు. తల్లి సువార్త ప్రచారకురాలు. బిడ్డ చిన్నతనం నుంచే తల్లితోపాటు సభల్లో గిటారు పట్టుకుని పాడింది. 1938లో న్యూయార్క్ క్లబ్బుల్లో అవే భక్తిగీతాలను గిటారు మీద, నాట్యానికి పనికొచ్చే నడకలో వాయించేసరికి, సొంత సంఘంలోనివారే తప్పుపట్టారు. ఆవిడ ఆ మాటలకు లొంగలేదు, అలాగని విశ్వాసాన్ని విడిచిపెట్టనూ లేదు. చివరిదాకా భక్తిగీతాలే ఆవిడ ప్రధాన సంపద. ఆ గీతాల నడుమ ఆవిడ వాయించిన గిటారు భాగాలు విన్న తర్వాతి తరం నుంచే రాక్ అండ్ రోల్ పుట్టుకొచ్చింది.

ఒక దృశ్యం మీరు తప్పక చూడాలి. 1964 మే నెలలో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, వాడకంలో లేని ఒక రైల్వే స్టేషనులో టెలివిజన్ వారు కచేరీ ఏర్పాటు చేశారు. ఒక ప్లాట్‌ఫారం మీద కళాకారులు, పట్టాలకు అవతలి ప్లాట్‌ఫారం మీద శ్రోతలు. అంతలో వాన దంచికొట్టింది. యాభైకి దగ్గరపడుతున్న రొజెటా పొడుగు కోటు వేసుకుని గుర్రపుబండి దిగి, నోవహు జలప్రళయం గురించిన ‘డిడంట్ ఇట్ రెయిన్’ పాటతో మొదలుపెట్టారు. తెల్లని గిటారు మెడలో వేసుకుని, తడిసిన ప్లాట్‌ఫారం మీద నడుస్తూ, పాట నడుమ ఆగి ఆవిడ వాయించే ముక్క కొద్దిసేపే ఉంటుంది. ఎడమచెయ్యి ఎంత తక్కువ కదులుతుందో, కుడిచెయ్యి ఎంత ధీమాగా దిగుతుందో గమనించండి.

ఆవిడే కాక, 1929 నుంచి రెండు దశాబ్దాలకు పైగా రికార్డులు చేసిన బ్లూస్ గిటారిస్టు మెంఫిస్ మిన్నీ ఉన్నారు. జాజ్‌లో మేరీ ఆస్‌బర్న్ ఉన్నారు. ఆవిడ నార్త్ డకోటా రాష్ట్రంలో చార్లీ క్రిస్టియన్ అనే జాజ్ గిటారిస్టు వాయించిన ఎలక్ట్రిక్ గిటారు విని, అప్పటికప్పుడు తానూ అదే వాయించాలని నిశ్చయించుకున్నారు. తర్వాతి కాలంలో న్యూయార్క్ వదిలి కాలిఫోర్నియా వెళ్ళి, వాయిస్తూ, పాఠాలు చెబుతూ గడిపారు. మీ సంఘపెద్దలతో వాదన పెట్టుకోమని నేను చెప్పను. ఆదివారం వాయించే కీర్తననే తీసుకుని, పాడేవారు ఊపిరి తీసుకునే చోట రెండు స్వరాలు పలికించి చూడండి. పాట అర్థానికి అవి బలం చేకూర్చితే పెద్దలే అడిగి వాయించుకుంటారు.

ప్రశ్న: రికార్డులు అన్ని అమ్ముడుపోయిన కళాకారుడు చివరకు హోటల్లో ఊడ్చే పని చేయడమేమిటి? డబ్బంతా ఎటుపోయింది? మాకూ ఆర్కెస్ట్రా కాంట్రాక్టరు దగ్గర రెండు సీజన్ల డబ్బు ఆగిపోయింది.
– ఒక కీబోర్డు వాద్యకారుడు, బరంపురం

జవాబు: మీ బాధ అర్థమైంది, దానికి సంబంధించిన సంగతి ముందు చెబుతాను. 1920లలో నల్లజాతి కళాకారులకు చాలావరకు ఒక్కో పాటకు ఇంత అని ఒకేసారి చేతిలో పెట్టేవారు, రికార్డు వెయ్యి అమ్మినా లక్ష అమ్మినా ఆ తర్వాత లెక్క ఉండేది కాదు. పాట రాసినవారికి హక్కుగా వచ్చే సొమ్ము వేరు, పాడినవారికీ వాయించినవారికీ వచ్చేది వేరు. జాన్సన్‌కు 1948లో పేరు తెచ్చిన ‘టుమారో నైట్’ ఆయన రాసింది కాదు, శామ్ కాస్లో, విల్ గ్రోజ్ అనేవారు 1939లో కట్టిన పాట. తర్వాత ఎల్విస్ ప్రెస్లీ కూడా దాన్ని పాడారు. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేసినప్పుడు రచయితకూ ప్రచురణకర్తకూ సొమ్ము వెళ్తుంది, పాడినవారికి వెళ్ళదు, ఈనాటికీ అక్కడి చట్టం అంతే. అంటే ఏడు వారాలు దేశమంతా మారుమోగిన పాటకు రేడియోల నుంచి ఆ గొంతుకూ ఆ వేళ్ళకూ దక్కింది సున్న. ఈ అన్యాయం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా మింగుడుపడదు.

మన దేశంలో 2012లో కాపీరైటు చట్టానికి జరిగిన సవరణ వల్ల గీతరచయితలకూ సంగీతకర్తలకూ రాయల్టీ హక్కు గట్టిపడింది, వాణిజ్యపరంగా వాడిన ప్రదర్శనలకు కళాకారులకూ రాయల్టీ హక్కు ఉందని చట్టంలో చేరింది. పెళ్ళి పందిట్లో వాయించేవారికి ఇది నేరుగా చాలా తక్కువగా ఉపకరిస్తుంది. మీకు పనికొచ్చేది మరింత నేలబారు విషయం: రేటు, తేదీ, రానుపోను ఖర్చు, భోజనం, అడ్వాన్సు ఎంత, మిగతాది వేదిక దిగేలోపు ఇస్తారా లేదా అన్నవి ఫోనులో మెసేజీగా రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నా, ఇంటికి రాగానే ‘మనం అనుకున్నది ఇది’ అని మీరే ఒక మెసేజీ పంపి, ‘సరే’ అని జవాబు తెప్పించుకోండి. సగం అడ్వాన్సు లేకుండా సామాను బండి ఎక్కించవద్దు. ఆగిన పాత డబ్బు విషయంలో, అదే కాంట్రాక్టరు దగ్గర బాకీ ఉన్న మిగతా వాద్యకారులతో కలిసి వెళ్ళి అడగండి.

ప్రశ్న: బ్లూస్ నేర్చుకోవడానికి ఏ గిటారు కొనాలి? మా దగ్గర వానాకాలంలో తీగలు త్వరగా తుప్పుపడుతున్నాయి.
– ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: మీ దగ్గర ఉన్న గిటారుతోనే మొదలుపెట్టండి. ఒక్క సంగతి మాత్రం తెలుసుకోవాలి. అకౌస్టిక్ గిటారు తీగల సెట్టులో మూడో తీగకు సాధారణంగా చుట్టు ఉంటుంది, దాన్ని నెట్టి స్వరం పైకి తేవడం వేళ్ళకు చాలా కష్టం. ఎలక్ట్రిక్ సెట్టులో మూడో తీగ చుట్టు లేనిది, సన్నగా ఉంటుంది, మొదటి తీగ 9 లేదా 10 గేజి ఉన్న సెట్టు కొంటే నేర్చేవారి వేళ్ళకు నెట్టడం సాధ్యమవుతుంది. కొత్తగా కొనేటట్లయితే మామూలు ఎలక్ట్రిక్ గిటారు, చిన్న యాంప్లిఫయరు చాలు. గిబ్సన్ కంపెనీ 1936లో తెచ్చిన ఈఎస్-150 అనే తొలినాటి ఎలక్ట్రిక్ గిటారుతోనే చార్లీ క్రిస్టియన్ 1939లో క్లారినెట్ వాద్యకారుడు బెనీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరి జాజ్ గిటారు దిశను మార్చారు. పాపం, క్షయవ్యాధితో 1942లో పాతికేళ్ళకే పోయారు. తుప్పు గురించి: వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో ఒక్కొక్క తీగను పైనా కిందా తుడవండి. గిటారును గోడకు తగిలించకుండా పెట్టెలో పెట్టి, కొత్త బ్యాగుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు పక్కన వేయండి.

ప్రశ్న: మన దేశంలో ఈ సంగీతానికి జీవితం అంకితం చేసినవారున్నారా? నేను ఏ వరుసలో వినాలి?
– ఒక పాఠకుడు, కొరాపుట్

జవాబు: ఉన్నారు, మీకు మరీ దూరంలో కూడా కాదు. కార్ల్‌టన్ కిటో కలకత్తాలో స్థిరపడి, రికార్డులు విని తనకు తానే బీబాప్ పద్ధతి జాజ్ గిటారు నేర్చుకుని, 2016లో చనిపోయేదాకా అదే వాయించారు, అదే నేర్పారు. చుట్టూ సినిమా సంగీతం, రాక్ సంగీతం ఎంత సంపాదించి పెడుతున్నా ఆయన తన దారి మార్చుకోలేదు. షిల్లాంగ్ నుంచి రూడీ వాలాంగ్, టిప్రిటీ ఖర్బాంగార్ నడిపే ‘సోల్‌మేట్’ బృందం బ్లూస్‌నే నమ్ముకుని పేరు తెచ్చుకుంది. ఎదురుదిశలో మన తెలుగువాడు ఒకరున్నారు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి, జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. మెక్‌లాఫ్లిన్ కూడా తన వంతుగా అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నవారే.

వినే వరుస అడిగారు. మొదట 1927లో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం చేసిన ‘హాటర్ దాన్ దట్’ పెట్టండి. మూడు నిమిషాల పాట. నడుమ ఆర్మ్‌స్ట్రాంగ్ మాటల్లేకుండా స్వరాలతో పాడతారు, కాసేపటికి బ్యాండంతా తప్పుకుంటుంది, ఆయన గొంతూ జాన్సన్ గిటారూ మాత్రమే మిగిలి ఒకరిదొకరు అందుకుంటాయి. అక్కడ కనీసం నాలుగుసార్లు వెనక్కి వెళ్ళి వినండి. తర్వాత లాంగ్‌తో జంటగా వాయించిన ‘హ్యాండ్‌ఫుల్ ఆఫ్ రిఫ్స్’, ఆపైన 1948 నాటి ‘టుమారో నైట్’. చివరికి 1960లో ఎల్మర్ స్నోడెన్‌తో కలిసి చేసిన ‘బ్లూస్ అండ్ బాలెడ్స్’ ఆల్బము. స్నోడెన్ కూడా ఒకనాడు సొంత బ్యాండు నడిపి, ఆ నాటికి కార్ల పార్కింగు స్థలంలో పనిచేస్తున్న పెద్దమనిషే. ఈ ఆల్బములో ఎలక్ట్రిక్ గిటారు జాన్సన్‌ది, అకౌస్టిక్ గిటారు స్నోడెన్‌ది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందు ఒకసారి స్నోడెన్ గిటారు మాత్రమే వినండి, రెండోసారి జాన్సన్‌ది మాత్రమే, మూడోసారి రెండూ కలిపి.